స్క్రిప్టు సందేహాలు: మాటల్లేని అక్కచెల్లెళ్లు, మధ్యలో పెళ్లి

ప్రశ్న: తమ్ముడి కూతురి పెళ్లిలో పదేళ్ల తర్వాత ఎదురుపడే అక్కచెల్లెళ్ల మీద రెండు గంటల కామెడీ డ్రామా రాశాను. ఓ ఫంక్షన్‌లో మాట జారడం వల్ల గొడవ వచ్చినట్టు పెట్టాను. చదివినవాళ్లంతా ‘ఇంతదానికేనా’ అంటున్నారు. ఏం మార్చాలి?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వాళ్లన్నది నిజమే. మాట జారితే ఏడాది అలుగుతారు, పదేళ్లు అలగరు. బలమైన కారణం మీకు కృష్ణ దాటితే దొరుకుతుంది: పొలం. అయితే ‘ఆస్తి తగాదా’ అని ఊరుకోకుండా తేదీలతో సహా రాసుకోండి. పూర్వీకుల ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు మాత్రం వర్తించదన్నారు. అక్క పెళ్లి 1984లో, చెల్లి పెళ్లి 1988లో అయిందనుకోండి. ఒక్క తండ్రి బిడ్డలే, ఒకరికి హక్కుంది, ఒకరికి లేదు. తప్పు ఎవరిదీ కాదు. డ్రామాకు ఇంతకన్నా మంచి పునాది దొరకదు.

తుళ్లూరు వైపు మూడెకరాల మెట్ట. తల్లి ముందే పోయింది. 1992లో రిజిస్టరైన పంపకంలో తండ్రికి, తమ్ముడికి, చెల్లికి తలా ఎకరం. ‘2005లో కేంద్రం చట్టం మార్చి పెళ్లయిన కూతుళ్లకూ వాటా ఇచ్చింది కదా’ అని తెలిసిన ప్రేక్షకుడు అడుగుతాడు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాన్ని ఆ చట్టం కదిలించదు. ఇంకో కన్నం కూడా పూడ్చాలి. తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన ఎకరంలో అక్కకూ భాగం వస్తుంది. కాబట్టి ఆయన చేత తమ్ముడి పేర వీలునామా రాయించండి. దానిమీద సాక్షి సంతకం చెల్లిదైతే, అక్క కోపానికి ఓ మనిషి దొరుకుతుంది.

మరి మాటలు 2015లోనే ఎందుకు ఆగాయి? రాజధాని భూసమీకరణ. మెట్ట ఎకరం ఇచ్చినవాళ్లకు వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం తిరిగిస్తామన్నారు. ఎకరం చేను పోయిందని సర్దుకున్న మనిషి ఈ లెక్క విన్నాక సర్దుకోలేదు.

ఇదంతా మీకు తెలియాలి, తెరమీద విడమరిచి చెప్పకూడదు. పేజీకి నిమిషం లెక్కన ఈ పొలం సంగతులన్నీ కలిపి రెండు పేజీలు దాటనివ్వకండి. ఫ్లాష్‌బ్యాక్ అసలు వద్దు. పెళ్లి ఖర్చుకి స్థలం అమ్ముదామని తమ్ముడు బీరువా వెతుకుతుంటే ఆ వీలునామా కిందపడితే చాలు.

ప్రశ్న: నాదీ ఇలాంటి కథే. నవ్వుల కోసం క్యాటరింగ్ కుర్రాడి ట్రాక్ రాశాను. కథలో అతకడం లేదు.
– ఓ పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తీసేయండి. మాట్లాడుకోని ఇద్దరుండగా వేరే కమెడియన్ దేనికి? ‘మీ పెద్దత్తకి చెప్పమ్మా, గోంగూరలో ఉప్పు చాల్లేదని’ అంటూ ఎదురుగా కూర్చున్న మనిషికే కబురంపడం మన ఇళ్లలో చూడనిదా? ఆ కబుర్లు మోసే పని పెళ్లికూతురికి అప్పగించండి. మొదట ఉన్నదున్నట్టు చెబుతుంది, తర్వాత మెత్తబరిచి చెబుతుంది, విసుగొచ్చాక సొంతంగా కల్పించి చెబుతుంది. ఆ కల్పన బయటపడే చోటే మీ ఇంటర్వెల్.

ఆడపడుచులకు పెట్టే చీరల్లో తేడా వస్తే తమ్ముడి కొంప మునుగుతుంది. అందుకని నిజాం అంచు మంగళగిరి చీరలు ఒకే రంగులో, ఒకే ధరలో రెండు తెస్తాడు. పుట్టింటివాళ్లు పెట్టిన చీర కట్టకపోతే మాటొస్తుంది. ఇద్దరూ అదే కట్టుకుని మండపంలో ఎదురుపడతారు. ‘డ్రెస్ కోడా మేడమ్? కాస్త దగ్గరికి జరగండి’ అంటాడు ఫొటోగ్రాఫర్. ఈ సీన్‌కి వేరే డైలాగు అక్కర్లేదు.

ఎక్కువమంది బోల్తాపడేది రాజీ దగ్గర. అప్పగింతల్లో కౌగిలించుకున్నట్టు రాస్తారు. అప్పటికే అందరూ ఏడుస్తుంటారు, వీళ్ల ఏడుపు వాళ్లలో కలిసిపోతుంది. ముందుకు జరపండి. తలంబ్రాల బియ్యానికి నెయ్యి, పసుపు పట్టించే పని ఇద్దరి చేతా చేయించండి. ‘ఇంకాస్త పసుపు వెయ్యవే’, అదే తొలి నేరు మాట. ఎకరం సంగతి మాత్రం తేల్చకండి. పెళ్లిలో తేలే సంగతైతే ముప్పయ్యేళ్లు ఎందుకు నలిగింది?

ప్రశ్న: నిజమైన కల్యాణ మండపంలోనే, అక్కడ రికార్డయిన మాటలే ఉంచుతూ తీయొచ్చా?
– ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: తీయొచ్చు. మాటలు రికార్డు చేసేటప్పుడు డోలు, సన్నాయి వాళ్లు వాయిస్తున్నట్టు నటిస్తే చాలు. మేళం విడిగా రికార్డు చేసి తర్వాత కలపండి. లేకపోతే ఎడిటింగ్‌లో కోత పడ్డచోటల్లా సన్నాయి తెగుతుంది. జనరేటర్‌ని మండపం వెనక్కి, గోడ చాటుకు పంపండి. అందరినీ కదలకుండా, మాట్లాడకుండా ఉంచి హాలు శబ్దం అర నిమిషం పట్టుకోండి, మాటల మధ్య అతుకులకు అదే పనికొస్తుంది.

తలంబ్రాలు షెడ్యూల్ చివర్లో పెట్టుకోండి. నెయ్యి కలిసిన పసుపు పట్టుచీరకు అంటితే పోదు, కథలో ముందొచ్చే సీన్లకు కంటిన్యుటీ చెడుతుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. లైట్లు మినుకుమనకుండా ఉండాలంటే, సెకనుకు 24 ఫ్రేములు తీస్తే షటర్ యాంగిల్ (ఒక్కో ఫ్రేముకు షటర్ ఎంతసేపు తెరిచుండాలో చెప్పే కొలత) 172.8 డిగ్రీలు, 25 ఫ్రేములైతే 180 పెట్టండి. అయినా చవక ఎల్ఈడీ సీరియల్ లైట్లలో కొన్ని మినుకుమినుకుమంటూనే ఉంటాయి. డెకరేషన్ వాళ్ల దగ్గర ఒక్కో రకం లైట్ల దండ ముందురోజే తెప్పించి, వెలిగించి తీసి చూడండి. మినుకుమన్నవి వెనక్కి పంపేయండి.