టోఫెల్ 104 ఉన్నా టీఏ ఎందుకు ఆపారు? (సమాధానం)

యూసీఎల్‌ఏలో (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) పీహెచ్‌డీ అడ్మిషన్ వచ్చాక, టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 104 ఉన్నా, మళ్లీ ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్ష పాసైతేనే టీఏ (టీచింగ్ అసిస్టెంట్, అంటే జీతం మీద క్లాసులు చెప్పే పని) ఇస్తామన్నారని రాశారు కదండీ, టెన్షన్ పడకండి, దీనివల్ల మీ అడ్మిషన్ పోదు. అడ్మిషన్‌కి చూసేది మొత్తం స్కోరు, క్లాసు అప్పగించేముందు చూసేది మీ మాట. పాఠం చెప్పేవాళ్ల ఇంగ్లిష్ ఇలా చూడాలని అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చట్టాలే ఉన్నాయి. బీటెక్ అంతా ఇంగ్లిష్ మీడియమే అన్న సర్టిఫికెట్ ఇక్కడ అక్కరకు రాదు.

యూసీఎల్‌ఏలో ఈ పరీక్ష పేరు టాప్ (టెస్ట్ ఆఫ్ ఓరల్ ప్రొఫిషియెన్సీ). సిలబస్ వివరించాలి, మీ సబ్జెక్టులో చిన్న పాఠం చెప్పాలి, మధ్యలో విద్యార్థులు ప్రశ్నలు వేస్తారు. మనవాళ్లకి మార్కులు పోయేది యాస వల్ల కంటే వేగం వల్లేనని నా గట్టి నమ్మకం. బోర్డు వైపు తిరిగి గడగడా చెప్పేస్తాం, ప్రశ్న పూర్తవకముందే జవాబు మొదలెడతాం. అందుకే ప్రశ్నని ఒకసారి మీ మాటల్లో తిరిగి చెప్పి, అప్పుడు జవాబివ్వండి. మీ సబ్జెక్టు తెలియని ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ రోజూ ఒక పాఠం చెప్పండి.

ఈలోగా డిపార్ట్‌మెంట్‌కి ఈరోజే మెయిల్ పెట్టండి: మొదటి క్వార్టర్‌కి (అక్కడి టర్మ్) టీఏ బదులు ఆర్‌ఏ (రీసెర్చ్ అసిస్టెంట్ పని) గానీ ఫెలోషిప్ గానీ సర్దగలరా, పరీక్ష తేదీ ఎప్పుడు అని. టీఏ మీద ఆధారపడ్డ ఫీజు, జీతం సంగతి కూడా రాతపూర్వకంగా అడగండి.