ముందు తకిట పట్టుకో

బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగావు కదా, "నువ్వెళ్ళే సల్సా కచేరీలకి నేనూ వస్తాను పెద్దమ్మా, ముందు స్పానిష్ నేర్చుకోవాలా, డాన్స్ క్లాసులో చేరాలా?" అని. అప్పుడు పొయ్యి మీద పప్పు ఉంది, సరిగ్గా చెప్పలేకపోయాను. రెండూ అక్కర్లేదు. క్లావె పట్టుకో చాలు.

క్లావె అంటే రెండు కర్రముక్కలు తీసుకుని కొట్టే ఐదు దెబ్బలు. క్యూబాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన ఈ సల్సా సంగీతమంతా వాటిమీదే నిలబడుతుంది. తమాషా ఏమిటంటే చాలాసార్లు వాటిని ఎవరూ వాయించరు. పియానో, కాంగాలనే పొడుగు డప్పులు, బాకాలు, పాడేవాడు, అందరూ మనసులో పెట్టుకుని నడుస్తారంతే. నీకు ఇదేం కష్టం కాదు. చిన్నప్పుడు కూచిపూడి క్లాసులో తాళం వేస్తూ జతులు చెప్పేదానివి కదా, అలాగే చెప్పు: తకిట తకిట తకధిమి తక తకధిమి. ప్రతి ముక్కలో మొదటి "త" మీద చప్పట్లు కొట్టు. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. మొత్తం పదహారు. అదే సోన్ క్లావె, సోన్ అంటే క్యూబా పాటల తీరు ఒకటి. ముందు సగంలో మూడు దెబ్బలు, తర్వాతి సగంలో రెండు. కొన్ని పాటల్లో ఆ రెండు ముందు వచ్చి మూడు తర్వాత వస్తాయి. అక్కడ నేను ఇప్పటికీ తడబడతాను, నువ్వూ తడబడతావు, పర్వాలేదు.

నాకిది ఎలా తెలిసిందో చెప్పాలి. కొత్తగా వెళ్తున్న రోజుల్లో ఒకసారి డబ్బు పోసి ముందు వరసలో టికెట్ కొన్నాను. భజనలో కూర్చున్నట్టు సమంగా, గట్టిగా చప్పట్లు కొడుతున్నాను. పక్కనున్న ప్యూర్టోరికో పెద్దాయన రెండు పాటలు ఓర్చుకున్నాడు. మూడో పాటలో నా వైపు చూడకుండా, మా కుర్చీల మధ్య చెక్క మీద తన వేలి ఉంగరంతో టక్, టక్, టక్... టక్ టక్ అని మొదలెట్టాడు. పాట అయ్యేదాకా ఆపలేదు. సిగ్గుతో చచ్చాననుకో. కానీ బాకాలు ఒక్కసారి లేచి వచ్చి సరిగ్గా ఆ ఉంగరం దెబ్బ మీద పడటం ఆ రాత్రే విన్నాను.

ఇక సినిమాలు. కచేరీలో జనం తలలే కనిపిస్తాయి, సినిమాలో చేతులు కనిపిస్తాయి. అందుకే వదలకు. అందరూ 1999లో వచ్చిన 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్'తో మొదలెడతారు. మంచి సినిమానే, కానీ అక్కడే ఆగిపోతే ఇదంతా క్యూబా రాజధాని హవానాలోని ముసలాళ్ళ జ్ఞాపకాల సంగీతం అనుకుంటావు. 'అవర్ లాటిన్ థింగ్' అనే డాక్యుమెంటరీ ఎక్కడ వేసినా వెళ్ళు. 1971 ఆగస్టు 26న న్యూయార్క్ మాన్‌హాటన్‌లో చీటా అనే క్లబ్బులో ఫానియా ఆల్ స్టార్స్ అనే సల్సా బృందం వాయించిన రాత్రిని లియోన్ గాస్ట్ తీశాడు. మధ్యమధ్యలో వీధులు వస్తాయి. డబ్బాలు వాయించే పిల్లలున్నారు, మన గోదావరి సంక్రాంతిలా కోడిపందెం కూడా ఉంది! స్టేజీ మీద వాయించేది ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకే అర్థమవుతుంది.

లాటిన్ జాజ్ మీద తీసిన 'కాయె 54' కూడా చూడు. తెల్ల బట్టల్లో టింబాలెస్ అనే జంట డప్పులు వాయించే టిటో పుయెంటే అందులో ఉన్నాడు. ఆ సినిమా వచ్చిన 2000లోనే పోయాడు. నేను మాత్రం బెబో వాల్డెస్, చూచో వాల్డెస్‌ల కోసం చూస్తాను. తండ్రీకొడుకులు చెరో పియానో ముందు కూర్చుంటారు. తండ్రి 1960లో క్యూబా వదిలేశాడు, కొడుకు అక్కడే ఉండిపోయాడు. తండ్రి వేళ్ళ కోసం కొడుకు ఎలా కాచుకుంటాడో చూడు. ఇంట్లో టీవీలో వద్దు, హాల్లోనే చూడు. పక్కసీటు వాళ్ళు కూడా పాడేస్తుంటేనే ఆ సినిమాలు సినిమాలు.

మాన్‌హాటన్‌లోనే హ్యూస్టన్ స్ట్రీట్‌లో ఫిల్మ్ ఫోరం అనే సినిమా హాలు ఉంది. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే వారిక్ స్ట్రీట్ మూలమీద 1982లో తెరిచిన ఎస్‌ఓబీస్ అనే సంగీతం క్లబ్బు. నా శుక్రవారాలు ఎన్నో ఆ నాలుగడుగుల్లోనే గడిచిపోయాయి. మీ పెదనాన్న ఆ రాత్రుళ్ళు పెరుగన్నంతో సరిపెట్టుకునేవారు.

చిన్న సంగతులు కొన్ని. చెప్పులు కాదు, మడమ జారని బూట్లు వేసుకో. కౌబెల్ అనే ఇనప గంటకి దగ్గరగా నిలబడితే చెవులు పోతాయి, దూది పెట్టుకో. ముందే తిని వెళ్ళు, అక్కడ ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. ఎవరైనా డాన్స్‌కి చెయ్యి చాపితే కంగారు పడకు, వాళ్ళకది మర్యాద, పాట అయ్యాక థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. ఇష్టం లేకపోతే నవ్వి వద్దను, ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ మాత్రం సంచీలోంచి తియ్యకు. ఫోన్ పట్టుకున్న చేత్తో క్లావె కొట్టలేవు.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. వేసవిలో ఆదివారాలు బ్రాంక్స్‌లోని ఆర్చర్డ్ బీచ్‌కి జనం కాంగాలు మోసుకొస్తారు. ఆరో నంబరు రైల్లో ఆఖరి స్టేషన్ పెల్హామ్ బే పార్క్‌లో దిగితే, అక్కణ్ణుంచి బస్సు. వచ్చే ఆదివారం పదకొండింటికి స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను. పులిహోర నేను తెస్తాను, నువ్వు మజ్జిగ పట్టుకురా. ఈలోగా గిన్నెలు తోముతూ తకిట తకిట అనుకుంటూ ఉండు.

మీ పెద్దమ్మ