వాగు పూడిక మేమే తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక పల్లె. ఊరి వాగు పూడిపోయి, సర్కారు తుమ్మ అల్లుకుపోయి నాలుగు వానలకే నీళ్లు పొలాల మీదికి ఎక్కుతున్నాయి. ఎగువన ఒక పట్టాదారు వాగులోకి జరిగి మట్టికట్ట పోసుకున్నాడు. రైతులం చందాలేసుకుని జేసీబీ పెట్టి పూడిక, చెట్లు తీసేసి వాగును తిన్నగా చేయాలనుకుంటున్నాం. పంచాయతీ తీర్మానం అయింది. అదొక్కటి సరిపోతుందా వకీలు గారూ?

జవాబు: సరిపోదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 2వ సెక్షన్ ప్రకారం, వేరొకరి హక్కు రుజువైతే తప్ప వాగుల గర్భం సర్కారుదే. తీర్మానం మీ అర్జీకి బలమిస్తుంది గానీ తవ్వే హక్కు ఇవ్వదు. తీసిన దాంట్లో ఇసుక ఉండి, పర్మిట్ లేకుండా ట్రాక్టరెక్కితే గనుల చట్టం 21వ సెక్షన్ మీద పడుతుంది. 5 ఏళ్ల దాకా జైలు, హెక్టారుకు 5 లక్షల దాకా జరిమానా, పైగా బండి సీజ్. ఊరి మేలు కోసమే చేశామన్న మాట అప్పుడు అక్కరకు రాదు.

వరద మీ పొలంలో మేటవేసిన ఇసుక సంగతి వేరు. దాన్ని రైతు తీసేసుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని 15-1-2016 నాటి కేంద్ర నోటిఫికేషన్ మినహాయించింది. ఆ మినహాయింపుతో అమ్ముకునే హక్కు మాత్రం రాదు.

నన్నడిగితే, పూడిక కంటే ముందు తేల్చుకోవాల్సింది వాగు వెడల్పు. 30 మీటర్ల వాగు 18కి కుంచించుకుపోతే, అదే లోతులో మోయగల నీరు దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. పోయినదాన్ని లోతుతో రాబట్టాలంటే నీటి లోతు మూడో వంతుకు పైగా పెరగాలి. మీ ఊరి హద్దు వరకే గుంత తీసి దిగువను వదిలేస్తే ఒకటి రెండు వరదలకే అది మళ్లీ పూడుతుంది. మరీ లోతుగా తీస్తే కోత ఎగువకు పాకి వంతెన పునాదులను, ఒడ్లను కూలుస్తుంది, పక్క బావుల్లో నీళ్లు దిగిపోతాయి.

అందుకని గ్రామ పటం, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), సేత్వార్ (పాత సర్వే నాటి భూముల రిజిస్టరు) నకళ్లు జతచేసి, నీటిపారుదల శాఖ ఇంజనీరు సమక్షంలో సర్వే చేసి రాళ్లు పాతమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. కట్ట వాగు గర్భంలో ఉందని తేలితే ఆ 1905 చట్టం 7వ సెక్షన్ నోటీసు, ఆ తర్వాత 6వ సెక్షన్ కింద తొలగింపు. నోటీసు ఎగ్గొట్టి కట్ట తీస్తే అవతలివాడు స్టే తెచ్చుకుంటాడు, వానాకాలం అలాగే గడిచిపోతుంది. కట్ట అతని పట్టాలోనే ఉంటే ఆక్రమణ కేసు నిలవదు. అప్పుడు సహజ ప్రవాహానికి అడ్డు వేయరాదన్న సుఖానుభవ హక్కుల చట్టం 7వ సెక్షన్ ఆధారంగా సివిల్ దావా వేయాలి. ఊరంతటికీ ఇబ్బందైతే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 152 (పాత సీఆర్‌పీసీ 133) కింద ఆర్డీవోనూ ఆశ్రయించవచ్చు.

పూడికతీతకు నీటిపారుదల శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) నుంచి రాతపూర్వక అనుమతి, మట్టాలు చూపే నక్షా తీసుకోండి. నిర్వహణ, విపత్తు నివారణ కోసం చేసే పూడికతీతకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. ఇసుక అమ్మకమే అసలు పనిగా మారితే ఆ మినహాయింపు కోర్టులో నిలుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. వంతెన, చెక్‌డ్యామ్ వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వరాదని వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) నిబంధన ఉంది. తీసిన మట్టిని ఒడ్డు మీదే కుప్ప పోయకండి. తొలి వరదకే అది మళ్లీ వాగులో పడుతుంది, పడకపోతే పొలాల నీళ్లు వాగులోకి రాకుండా అడ్డుకుంటుంది.

చెట్ల విషయంలో మీ ఆలోచన మార్చుకోవాలి. ప్రవాహం మధ్యలో మొలిచిన తుమ్మను తీయించండి. ఒడ్డును వేళ్లతో పట్టి ఉంచే ఏరుమద్ది, కానుగ, వావిలిని ముట్టుకోవద్దు. వాల్టా ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదు. యంత్రాన్ని ఒక ఒడ్డునుంచే నడిపితే రెండోది చెక్కుచెదరదు. నిలువు ఒడ్లలో లకుముకి పిట్టల బొరియలుంటే ఆ భాగం వదిలేయండి; వన్యప్రాణి చట్టం గూళ్లు, గుడ్లు పాడుచేయడాన్నీ వేట కిందే లెక్కిస్తుంది. వాగును తిన్నగా చేయడం అసలొద్దు. వంపులు తీసేస్తే నీటి వేగం పెరిగి దిగువ ఊరు మునుగుతుంది, వాళ్లు మీ మీద కేసు పెడతారు. మునక తెప్పించే పనికి బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన శిక్షాస్మృతి) 326లో 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

అధికారులు కదలకపోతే అర్జీని స్పీడ్ పోస్టులో పంపి, దాని మీద ఏం చేశారో సమాచార హక్కు కింద అడగండి (30 రోజుల గడువు). ఆ కాగితాలతో హైకోర్టులో రిట్ వేయవచ్చు. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచీకి వెళ్లాలంటే, వివాదం మొదట తలెత్తిన నాటినుంచి 6 నెలల్లోపు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. వాగు పునరుద్ధరణ, పరిహారం కోరితే గడువు 5 ఏళ్లు. అర్జీలు పెడుతూ ఏళ్లు గడిపి ఆ 6 నెలల గడువు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ట్రిబ్యునల్‌లో భూ ఆక్రమణ ఒక్కటే రాస్తే వినరు; నీటి కాలుష్య చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం వంటి వాటి ఉల్లంఘన చూపాలి. ఒకే చోట నిలబడి వరదకు ముందు, తర్వాత తీసిన తేదీ ఉన్న ఫొటోలు ఇప్పటినుంచే పోగేయండి.