పిల్లలు అన్నిటికీ అమ్మే కావాలంటుంటే నాన్న ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు. మీరు ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు ప్రతిదానికీ అమ్మ దగ్గరికే పరుగెడుతున్నారు, ఏం చేయాలి అని అడిగారు.

ఆదివారం మాల్‌కో జూపార్కుకో తీసుకెళ్తే సరిపోతుందనుకోకండి. పిల్లలు ఎవరి చేతికి అలవాటు పడితే వాళ్ల దగ్గరే చేరతారు. అందుకే పిల్లలు ఒక్కొక్కరికీ రోజూ తప్పని పని ఒక్కటి, ఒక్కటే, పూర్తిగా మీరు తీసుకోండి. సాయం చేయడం కాదు, ఆ పని మీదైపోవాలి. స్నానం తీసుకున్నారంటే నీళ్లు తోడటం, బట్టలు వెతకడం, చివర్లో బాత్రూమ్ నేల తుడవడం దాకా మీరే. "టవల్ ఎక్కడుంది?" అని వంటింట్లోకి కేకేశారంటే అది మళ్లీ అమ్మ పనే.

మీ వేళలకు పొద్దున పూట నయం. పాపకు జడ వేయడం తీసుకోండి. చాలా స్కూళ్లలో రెండు జడలు తప్పనిసరి కాబట్టి పని రోజూ ఉంటుంది. పైగా పది పదిహేను నిమిషాలు పాప ముఖం అటు తిప్పి మీ ముందే కూర్చుంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని కబుర్లు అప్పుడు వస్తాయి.

అర చెంచా కొబ్బరి నూనె అరచేతుల్లో రుద్దుకుని జుట్టు చివర్లకు రాయండి. పెద్ద పళ్ల దువ్వెనతో చివర నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రండి. పైనుంచి ఒక్కసారి లాగితే చిక్కంతా కిందకు చేరి ముడిపడుతుంది, పాప ఏడుస్తుంది, మర్నాడు మీ చేతికి తల ఇవ్వదు. దువ్వే చోటికి పైన జుట్టును ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుంటే ఆ లాగుడు కుదుళ్లకు తగలదు. నుదురు నుంచి మెడ దాకా నడిమి పాపిడి తీసి, ఒక పక్క జుట్టును రబ్బరు బ్యాండుతో కట్టి తప్పించండి. రెండో పక్కది మూడు పాయలు చేసి కుడిది మధ్యకు, ఎడమది మధ్యకు అల్లుకుంటూ పోవడమే. పాయలు సమానంగా లేకపోతే జడ ఒక పక్కకు తిరుగుతుంది. మొదటి రెండు మడతలు మరీ బిగిస్తే కణతలు నొప్పెడతాయి, రోజూ అలాగే బిగిస్తుంటే అక్కడి జుట్టు పల్చబడుతుంది. తడి జుట్టుకు జడ వేయకండి.

మొదటి అల్లిక స్కూలు బస్సు తొందర లేని ఆదివారం నేర్చుకోండి. వారం పది రోజులు వంకరగానే వస్తుంది. ఆ వంకర జడను ఎవరూ విప్పి మళ్లీ వేయకూడదని ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చాలామంది తండ్రులు పని వదిలేసేది ఇక్కడే.

బాబుకైతే స్నానం తీసుకోండి, కానీ వాడి సంగతి వేరు. "నువ్వొద్దు, అమ్మ కావాలి" అని గోల చేస్తాడు. అమ్మ కళ్లెదుట ఉంటే ఏ మూడేళ్ల పిల్లాడూ రాజీపడడు. మీరు స్నానం చేయిస్తున్నంతసేపూ ఆవిడ వేరే గదిలో ఉండాలి. బుజ్జగించడానికి ఫోన్ ఇవ్వకండి, మర్నాడు ఫోన్ కోసమే ఏడుస్తాడు. "మగ్గు నువ్వు పట్టుకుంటావా, నన్ను పట్టుకోమంటావా?" లాంటి చిన్న ఎంపిక ఇవ్వండి. రెండు మూడు వారాలు గోల ఉంటుందనుకునే దిగండి.

రాత్రి వచ్చాక ఎగరేసి ఆడిస్తే పదిన్నరైనా నిద్రపోరు, ఆ తలనొప్పి అమ్మకు. గంతులాట వచ్చిన వెంటనే పది నిమిషాలు, అదీ భోజనానికి ముందే. తర్వాత లైటు తగ్గించి కథ. బాబు వయసుకు ఏడు చేపల కథను మించింది లేదు. "చేపా చేపా, ఎందుకెండలేదు?" అని మీరంటే "గడ్డిమేటు అడ్డమొచ్చింది" అని వాడే అందుకుంటాడు. రోజూ అదే అడిగితే విసుక్కోకండి. బాగా వచ్చాక కావాలనే ఆవు బదులు గేదె అనండి, లేచి కూర్చుని మరీ సరిదిద్దుతాడు.

"స్కూల్లో ఏం చేశారు?" అంటే "ఏమీ లేదు" అనే వస్తుంది. "ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు? బాక్సులో కూర ఎవరికి పెట్టావు?" అని అడగండి.

బండి మీద దింపే అలవాటుంటే మంచిదే. నాలుగేళ్ల లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి, వాళ్లను మీకు కట్టి ఉంచే సేఫ్టీ బెల్టు, తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఇంకొకటి, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది: "ఉండు, మీ నాన్నను రానీ, చెప్తా." అమ్మ, నానమ్మ ఎవరన్నా సరే, పిల్లల చెవికి కాలింగ్ బెల్ అంటే భయంగా మారుతుంది. తప్పు జరిగినప్పుడు అక్కడున్న పెద్దవాళ్లే అప్పుడే తేల్చాలి. వచ్చాక ఫిర్యాదు విన్నా, మొదటి అరగంట దాని ఊసెత్తకండి. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్లిద్దరూ మాట్లాడుకుని, అవసరమైతే పొద్దున చెప్పొచ్చు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రులకు దారి కొంచెం వేరు. దుబాయ్ మనకన్నా గంటన్నర, సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిది, పిల్లలు తినే వేళ, అక్కడ ఆరున్నర, అయిదున్నర. ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టించి, మీరూ ఏదో తింటూ కూర్చోండి. "నాన్నకు హాయ్ చెప్పు" అని పిల్లల్ని ముందుకు తోయొద్దని ఇంట్లో చెప్పండి. డ్యూటీ వల్ల కుదరని రోజు ఆ పూట కథను వాయిస్ మెసేజ్‌గా పంపండి. నాలుగైదు నిమిషాలు చాలు, చీమ కుట్టే చోట ఆపి, మిగతాది రేపు.