వేలూరు బస్సులో మా నాయన ఫైలు

పని నుంచి ఇంటికి వస్తూ ముఖ్యమైన వస్తువు దారిలో వదిలేశామని తెలిస్తే మొదట ఏం చేయాలి, పోయింది దొరికినవాళ్లు ఉన్నారా అని అడిగారు. నాకు దొరికింది. మూడేళ్ల కిందటి మాట.

మాది చిత్తూరు. అప్పట్లో తిరుపతిలో ఒక షాపులో లెక్కలు చూసేదాన్ని. పోను సుమారు 70 కిలోమీటర్లు, రాను అంతే. మరుసటి రోజు పొద్దున మా నాయనను వేలూరులో గుండె డాక్టరుకు చూపించాలి. అందుకని తిరుపతి ఆస్పత్రి కాగితాలన్నీ ఆ రోజే సరిచూసి ఒక ఫైల్లో పెట్టుకున్నాను. సాయంత్రం చిత్తూరు బస్సులో కాలు పెట్టే చోటు లేదు. వేలూరు బస్సు కూడా చిత్తూరు మీదుగానే పోతుంది కదా అని అదెక్కేశాను. ఫైలు నలిగిపోతుందని తలపైన లగేజీ స్టాండులో పెట్టాను. చంద్రగిరి దాటేసరికి నిద్ర పట్టేసింది. "చిత్తూరు, చిత్తూరు" అని కండక్టరు కేక వేస్తే ఉలిక్కిపడి లేచి, ఒళ్లో ఉన్న సంచీ, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని దిగేశాను.

ఇంటి గేటు గడియ తీయబోతుంటే తెలిసింది. ఫైలు ఉంటే చంకలో పెట్టుకుని గానీ గడియ తీయలేను. చంకలో ఏమీ లేదు. ఒక్కసారిగా గుండె జారిపోయింది. ఈసీజీలు, ఎకో రిపోర్టులు, యాంజియోగ్రామ్ సీడీ అన్నీ అందులోనే. అవైతే ఆస్పత్రి చుట్టూ తిరిగి మళ్లీ తెచ్చుకోవచ్చునేమో. మా నాయన రోజూ పొద్దున బీపీ చూసుకుని క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో రాసిపెట్టుకున్న లెక్కలు కూడా అందులోనే ఉన్నాయి, రెండేళ్లవి. వాటిని ఎవరు తిరిగి ఇస్తారు?

తమ్ముడు బండి తీశాడు, బస్సు వెంట పడదామని. నేను ఒప్పుకోలేదు. మీరూ అలా పోకండి. చీకట్లో, ఆ టెన్షన్‌లో హైవే మీద బండి తోలడం మంచిది కాదు. పైగా అది ఏ డిపో బస్సో కూడా మాకు తెలియదు. తిన్నగా బస్టాండుకు పోయి కంట్రోలర్ ముందు నిలబడ్డాను. ఆయన అడిగిన మొదటి మాట, "టికెట్ ఉందా మా?"

అదృష్టం, పర్సులో మడిచి పెట్టుకున్నాను. టికెట్ మీద డిపో పేరు, ఎక్కిన టైము ఉన్నాయి. వాటిని పట్టుకుని ఆయన ఆ డిపోకు ఫోన్ చేశారు, వాళ్లు కండక్టరు నంబరు ఇచ్చారు. అప్పటికి బస్సు నరహరిపేట చెక్‌పోస్టు దాటి తమిళనాడులోకి పోయింది. వేలూరు చేరి జనం దిగేలోపల కండక్టరుకు కబురు అందడమే ముఖ్యమని కంట్రోలర్ అన్నారు. జనమంతా దిగిపోతే ఎవరు ఏది పట్టుకుపోయారో చెప్పలేం. నేను ఇంటి దాకా పోయి రావడంలో అరగంట పోగొట్టాను. మీకు అనుమానం వస్తే దిగిన చోటే ఆగి చూసుకోండి.

ఇప్పుడు ఆడవాళ్లకు స్త్రీ శక్తి కింద జీరో టికెట్ ఇస్తున్నారు, 2025 ఆగస్టు 15 నుంచి. డబ్బు కట్టలేదు కదా అని చాలామంది దాన్ని సీట్లోనే పడేసి దిగుతున్నారు. దయచేసి ఇల్లు చేరేదాకా దాచుకోండి. పాకాల మీదుగా రైల్లో వచ్చేవాళ్లయితే 139కు ఫోన్ చేసి రైలు నంబరు, బోగీ, సీటు చెప్పాలి. ఆటో సంగతి కష్టం. ఎక్కేముందు నంబరు ప్లేటును ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోవడం తప్ప నాకు వేరే దారి తెలియదు.

రాత్రి పదకొండు దాటాక అదే బస్సు తిరిగి వచ్చింది. కండక్టరు ఫైలు వెంటనే చేతికి ఇవ్వలేదు. లోపల ఏమున్నాయో చెప్పమన్నాడు. క్యాలెండరు కాగితాలు అనగానే ఇచ్చేశాడు. "పైన ఒక ఫోన్ నంబరు రాసుంటే నేనే చేసుందును కదా మా. ఇంతసేపు ఏడ్చుకుంటా కూర్చునే పని ల్యాకుండా పోవును" అన్నాడు. చేతిలో డబ్బు పెట్టబోతే తీసుకోలేదు. టీ అయినా తాగమంటే, బస్సు తిరుపతి పోవాలని ఎక్కేశాడు. ఆయన పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి మా నాయన అన్నం తినకుండా వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. ఫైలు తీసుకుని, క్యాలెండరు కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసుకుని, అట్ట మీద పెద్ద అక్షరాలతో నా నంబరు రాశాడు. పొద్దున బస్సులో నేను దాన్ని అందుకోబోతే ఇవ్వలేదు. వేలూరు దాకా రెండు చేతులతో ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు.