స్టార్ వార్స్ చివరి మూడు సినిమాలంటే పాత అభిమానులకు ఎందుకంత కోపం? అంతా చిన్ననాటి మోజేనా?

2015, 2017, 2019లలో వచ్చిన మూడు స్టార్ వార్స్ సినిమాలు మీరు ఈమధ్యే చూశారు, బాగానే ఉన్నాయనిపించింది. మరి పాత అభిమానులు వాటి పేరెత్తగానే ఎందుకు మండిపడతారు, ఇదంతా చిన్నప్పటి జ్ఞాపకాల మీద మోజేనా అని అడిగారు. మోజు లేదని నేననను, నాకు బోలెడంత ఉంది. చాలా ఏళ్లు నేనూ అదే కారణమనుకుని సరిపెట్టుకున్నాను. అది సగమే నిజమని తెలిసింది మా మేనల్లుడి వల్ల. వాడి దగ్గరికి వస్తాను, ముందు నా గోల వినండి.

మొదటి మూడు సినిమాలు 1977, 1980, 1983లలో వచ్చాయి. నేను, అన్నయ్య వాటిని చాలా ఆలస్యంగా, ఎవరో ఇచ్చిన వీడియో క్యాసెట్లలో చూశాం. సామ్రాజ్యం తరఫు దుష్టుడు డార్త్ వేడర్ తానే తండ్రినని కథానాయకుడు ల్యూక్‌కి చెప్పే చోట టేపు మీద గీతలు పడిపోయాయి. వెనక్కి తిప్పి తిప్పి చూసింది మేమే. మూడో సినిమా చివర్లో ల్యూక్ తండ్రిని చంపనంటే చంపనని తన వెలుగు కత్తిని (లైట్‌సేబర్‌ని) పక్కకు విసిరేస్తాడు. ఆ తండ్రి చివరికి కొడుకు కోసం చక్రవర్తి పాల్పటీన్‌ని ఎత్తి పాతాళంలాంటి గోతిలో పడేస్తాడు. తండ్రి మారాడు, కొడుకు గెలిచాడు, సామ్రాజ్యం కూలింది. కథ కంచికి, మేం నిద్రకి.

1999 నుంచి 2005 దాకా జార్జ్ లూకాస్ స్వయంగా తీసిన ముందు కథ సినిమాలు మూడింటినీ కూడా జనం తిట్టారు. నేనూ తిట్టాను. ఇసుక నచ్చదంటూ ఆనకిన్ (తర్వాత వేడర్ అయ్యేవాడు) ప్రేమ కబుర్లు మొదలుపెట్టేసరికి అన్నయ్య రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి. మంచి కుర్రాడు వేడర్‌గా ఎలా చెడిపోయాడన్న ఒకే దారిలో ఆ కథ నడిచింది. ఎక్కడికి వెళ్తున్నాడో తీసేవాడికి తెలుసు. చెప్పడం సరిగా రాలేదు గానీ చెప్పాల్సింది ఉంది. చివరి మూడింటి దగ్గర ఇది తిరగబడింది: నటులు బాగున్నారు, బొమ్మ బాగుంది, మాటలు బాగున్నాయి, చెప్పాల్సింది ఏమిటో మాత్రం ఎవరూ ముందు తేల్చుకోలేదు.

2012లో డిస్నీ సంస్థ లూకాస్‌ఫిల్మ్‌ని 405 కోట్ల డాలర్లకు కొంది. కథ ఎలా సాగాలో లూకాస్ రాసిచ్చినవి ఉన్నా వాటిని పక్కన పెట్టారు. అప్పటి డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ తన ఆత్మకథలో ఈ సంగతి దాచకుండా రాశాడు, లూకాస్ నొచ్చుకున్నాడనీ రాశాడు. 2014లో ఇంకోటి జరిగింది. 1983 తర్వాతి కాలం మీద ఏళ్ల తరబడి వచ్చిన నవలలు, కామిక్సులు అసలు కథలో లెక్కకు రావని, లెజెండ్స్ అనే పేరు కింద విడిగా ఉంటాయని ప్రకటించారు. అవన్నీ చదివి పెరిగినవాళ్లకు అక్కడే మనసు విరిగింది. నేను చదివింది రెండో మూడో, కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. కొత్తవాళ్లకు చోటివ్వాలి కదా అనుకున్నాను.

2015 డిసెంబర్‌లో జె.జె. అబ్రామ్స్ తీసిన ద ఫోర్స్ అవేకెన్స్ వచ్చింది. విడుదలైన రోజే వెళ్లాం. మొదటి సినిమాల్లోని ల్యూక్ స్నేహితులు హాన్ సోలో, చూబాకా తమ పాత ఓడలోకి అడుగుపెట్టగానే హాలంతా చప్పట్లు. నా పక్క సీట్లో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు, చూస్తే మా అన్నయ్యే. కొత్త కథానాయిక రే నచ్చింది, ఫిన్ ఇంకా నచ్చాడు. చిన్నప్పుడే ఎత్తుకుపోయి స్టార్మ్‌ట్రూపర్‌గా (తెల్ల కవచం తొడుక్కునే శత్రు సైనికుడిగా) పెంచితే, తొలి దాడిలోనే జనాన్ని కాల్చలేక పారిపోయినవాడు. ఆ తెల్ల ముసుగు వెనక ఒక మనిషి ఉంటాడని అంతకుముందు నాకు తట్టనే లేదు.

బయటికొచ్చాక అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే వాళ్లు గెలిచింది ఉత్తదేనన్నమాట” అన్నాడు.

అప్పుడది చాదస్తం అనిపించింది. ఇప్పుడు, గొడవంతా ఆ ఒక్క మాటలోనే ఉందనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత చూస్తే హాన్ మళ్లీ దొంగ సరుకు మోసుకుంటున్నాడు. ల్యూక్ కవల సోదరి లేయా మళ్లీ ఒక చిన్న దండుకి నాయకురాలు. ల్యూక్ ఎవరికీ కనబడకుండా పోయాడు. వాళ్లు ప్రాణాలొడ్డి తెచ్చిన కొత్త రిపబ్లిక్ రాజధాని ఒక్క దెబ్బకి ఎగిరిపోతుంది, ఆ ప్రభుత్వంలో ఎవరెవరున్నారో మనకు తెలిసేలోపే. గ్రహాల్ని పేల్చే ఆయుధం మళ్లీ వచ్చింది, అది మూడోది. ఎడారి గ్రహం మళ్లీ, రహస్యం మోసుకెళ్లే రోబో మళ్లీ. పాత ఆటనే మొదటి నుంచి ఆడించాలి కాబట్టి పాత గెలుపుని చెరిపేశారు.

ఇంకో ముల్లు ఉంది. ఇది పూర్తిగా మోజే, ఒప్పేసుకుంటున్నాను. ఈ మూడు సినిమాల్లో ల్యూక్, హాన్, లేయా ముగ్గురూ కలిసి ఒక్క సీన్‌లో కూడా లేరు. మొదటిదాంట్లోనే హాన్ కొడుకు చేతిలో పోతాడు. ల్యూక్ ఆఖర్న కనబడతాడు, అదీ ఒక్క మాట లేకుండా. ల్యూక్ వచ్చిన మరుక్షణం కథంతా అతనిదైపోతోందని, అందుకే వెనక్కి జరపాల్సి వచ్చిందని మొదట్లో స్క్రిప్టు రాసిన మైకేల్ ఆర్ంట్ చెప్పాడు. ఆ ఇబ్బంది అర్థమవుతుంది. కానీ 2016 డిసెంబర్‌లో లేయా వేసిన క్యారీ ఫిషర్ చనిపోయింది, ముగ్గురి సీన్ ఇక ఎప్పటికీ రాదు. ఇంకా చిన్న విషయం: హాన్ పోయాక లేయా చూబాకాని దాటుకుని వెళ్లి, అంతవరకు పరిచయమే లేని రేని హత్తుకుంటుంది. అది పొరపాటేనని అబ్రామ్స్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. అన్నేళ్ల స్నేహితుణ్ణి పోగొట్టుకున్న చూబాకాని ఎవరూ పలకరించలేదు, పాపం.

2017లో రయన్ జాన్సన్ రాసి తీసిన ద లాస్ట్ జెడై వచ్చింది (జెడై అంటే ల్యూక్‌లాంటి మహిమలున్న యోధులు). అభిమానులు రెండుగా చీలింది ఇక్కడే. ముందు సినిమా రెండేళ్లపాటు మమ్మల్ని ఊరించిన ప్రశ్నలకి ఇది ఒక్కొక్కటిగా తలుపు వేసేసింది. రే తల్లిదండ్రులు ఎవరు? ఎవరూ కాదు, పాత సామాను అమ్ముకునేవాళ్లు. కొత్త శత్రువుల నాయకుడు స్నోక్ ఎవరు? తెలిసేలోపే రెండు ముక్కలయ్యాడు. రే అంత దూరం మోసుకొచ్చిన లైట్‌సేబర్‌ని ల్యూక్ భుజం మీదుగా వెనక్కి విసిరేస్తాడు. అన్నిటికన్నా, ల్యూక్ నిద్రపోతున్న తన మేనల్లుణ్ణి, అంటే హాన్, లేయాల కొడుకు బెన్‌ని, ఒక్క క్షణం చంపేద్దామనుకున్నాడని తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది. వేడర్ లాంటివాడిలోనే మంచి ఉందని నమ్మినవాడు ఇతనేనా? ఈ ల్యూక్‌తో తనకు మొదట్లో అసలు పడలేదని ఆ పాత్ర వేసిన మార్క్ హామిల్ కూడా బాహాటంగానే అన్నాడు.

ఆ రాత్రి నేనూ ఒక పెద్ద వ్యాసం రాసిపడేశాను. పొద్దున్నే చదువుకుంటే సిగ్గేసి తీసేశాను. అందరూ అలా తీసేసి ఉంటే బాగుండేది. ఈ సినిమాలో రోజ్ పాత్ర వేసిన కెల్లీ మరీ ట్రాన్ మీద ఎంత విషం కక్కారంటే, 2018లో ఆమె ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినవన్నీ తీసేసింది. 1999 సినిమాలో జార్ జార్ అనే హాస్య పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్‌ని కూడా ఇలాగే చావు అంచుకి నెట్టారని ఆయనే చెప్పాడు. సినిమా నచ్చకపోవడానికి, నటిని వెంటాడడానికి ఏం సంబంధమో నాకైతే బుర్రకెక్కదు. మీరు చూసిన “కోపం” ఈ రెండో రకందైతే దానికి నా దగ్గర సమర్థన లేదు.

మూడోది అసలు కాలిన్ ట్రెవరో తీయాలి. 2017 సెప్టెంబర్‌లో ఆయన తప్పుకున్నాడు. అబ్రామ్స్ తిరిగొచ్చాడు, క్రిస్ టెరియోతో కలిసి కథ మళ్లీ రాశాడు, విడుదల 2019 మే నుంచి డిసెంబర్‌కి జరిగింది. అలా వచ్చిన ద రైజ్ ఆఫ్ స్కైవాకర్ రెండో సినిమా చెప్పినవాటిలో చాలావాటిని వెనక్కి తీసుకుంది. ఎవరూ కాని రే పాల్పటీన్ మనవరాలైంది. రోజ్ దాదాపు మాయమైంది. ఫిన్ రేతో ఏదో చెప్పాలని సినిమా అంతా తంటాలు పడతాడు, అదేమిటో సినిమా అయిపోయినా చెప్పడు. తెల్లవాళ్లు కాని తనలాంటి నటుల్ని ముందు గొప్పగా చూపించి తర్వాత పక్కకు నెట్టేశారని ఫిన్ వేసిన జాన్ బోయేగా 2020లో గట్టిగానే అన్నాడు. ఇద్దరు దర్శకులు ఒక ఉత్తరం రాస్తూ ఒకరి వాక్యాలు ఒకరు కొట్టేసుకున్నట్టు ఉంటుంది ఈ మూడింటినీ వరసగా చూస్తే. వసూళ్లు దాదాపు 207 కోట్ల డాలర్ల నుంచి 133కి, అక్కడి నుంచి 107 కోట్లకి దిగాయి. ఏ లెక్కన చూసినా నష్టం కాదు, కానీ మూడోదానికి నేను రెండోసారి వెళ్లలేదు, అన్నయ్య మొదటిసారే వెళ్లలేదు.

ఇక మేనల్లుడు. వాడికి పదకొండేళ్లు. క్యాసెట్లు లేవు, జ్ఞాపకాలు లేవు, ఇంటర్నెట్‌లో మా కొట్లాటలు ఏవీ తెలియవు. సెలవుల్లో తొమ్మిది సినిమాలూ విడుదలైన వరసలోనే చూపించాను. నోరు విప్పకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

1983 సినిమా అయిపోయాక సోఫా మీద ఎగిరాడు. ముందు కథ మూడింటిలో రాజకీయాలు వచ్చినప్పుడల్లా ఆవలించాడు, జార్ జార్ వస్తే మాత్రం పడీ పడీ నవ్వాడు (మేం ఎందుకు తిట్టామో చెప్పాలని నాలుక దురద పెట్టింది, ఆపుకున్నాను). 2015 సినిమాలో రాజధాని పేలగానే అడిగాడు, “మామయ్యా, ఇప్పుడు పేలింది ఎవరిది? మనవాళ్లదా?” ఆపి వివరించాల్సి వచ్చింది. వివరించాక కాసేపు ఆలోచించి, “మరి అప్పుడు గెలిచారు కదా?” అన్నాడు. అన్నయ్య మాటే, ఇంచుమించుగా. వీడికి పుట్టకముందటి సినిమాల మీద మోజెక్కడిది?

2017ది వస్తోందంటే నాకే టెన్షన్. వాడు కిమ్మనకుండా చూశాడు. ల్యూక్ లైట్‌సేబర్ విసిరేస్తే ఫక్కున నవ్వాడు. నిద్రపోతున్న బెన్ దగ్గర ల్యూక్ నిలబడే సీన్ అయ్యాక, నేను అడగకుండానే, “అనుకున్నాడు అంతే కదా, చంపలేదుగా” అన్నాడు. ఆ మాట విని నా 2017 కోపం మీద నాకే అనుమానం వచ్చింది. ల్యూక్ మొదటి సినిమాల్లో కూడా ఆవేశంలో తండ్రి మీద పడి, ఆఖరి క్షణంలో ఆగినవాడే కదా. క్యాసినో నగరం భాగంలో మాత్రం లేచి మంచినీళ్లకి వెళ్లాడు, పాజ్ చేయమని కూడా అడగలేదు. రే తల్లిదండ్రులు ఎవరూ కాదని తెలిసినప్పుడు, “అంటే ఎవరైనా జెడై అవ్వొచ్చన్నమాట” అని కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు.

మూడోది మొదలైన కొద్దిసేపటికే పాల్పటీన్ కనబడ్డాడు. “ఈయన్ని వాళ్ల నాన్న కిందకి పడేశాడు కదా! చచ్చిపోయాడు కదా!” అని నా వైపు తిరిగాడు, మోసం చేసింది నేనేనన్నట్టు. ఎలాగో తిరిగొచ్చాడని సినిమాలో ఒక పాత్ర అంటుంది, అంతకుమించి నేను మాత్రం ఏం చెప్పను? తర్వాత రే ఎవరి మనవరాలో తెలిసింది. “మరి ముందు సినిమాలో అబద్ధం చెప్పారా?” అన్నాడు. ఇక చూబాకా ఓడ పేలినప్పుడు వాడు నిజంగా ఏడ్చాడు. కొద్ది నిమిషాల్లోనే చూబాకా వేరే ఓడలో క్షేమంగా ఉన్నాడు. అప్పటి నుంచి వాడి మొహం మారిపోయింది. స్నేహితుల కోసం రోబో సీ-త్రీపీఓ తన జ్ఞాపకాలన్నీ చెరిపించుకునే సీన్‌కి నా గొంతు పట్టుకుంది. వాడు వేళ్లు లెక్కపెట్టుకుంటూ, “వచ్చేస్తాయిలే మామయ్యా” అన్నాడు. వచ్చేశాయి కూడా.

మీ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు. ఓడిపోయినవాళ్లు మళ్లీ గెలుస్తారు, చచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, చెప్పినదాన్ని తర్వాత మార్చేస్తారు అని ఒకసారి అర్థమయ్యాక, పదకొండేళ్లవాడైనా ఏ సీన్‌కీ మనసివ్వడు. కొత్తదంటేనే మాకు గిట్టదని కొందరంటారు. అదీ నిజం కాదు. 2022, 2025లలో వచ్చిన ఆండోర్ సిరీస్‌లో జెడైలు లేరు, లైట్‌సేబర్ లేదు, ల్యూక్ వంశం స్కైవాకర్లు లేరు. ఆ మూడింటినీ తిట్టిన నోళ్లే దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. గ్రహాల్ని పేల్చే మొదటి ఆయుధం డెత్ స్టార్ రాకముందు రోజుల కథ కాబట్టి ఎక్కడ ఆగాలో దాన్ని తీసినవాళ్లకు ముందే తెలుసు.

మర్నాడు పొద్దున వాడు నోట్‌బుక్‌లో సినిమాల పేర్లు వరసగా రాసుకుంటున్నాడు. ఎనిమిదే ఉన్నాయి. ఇంకోటి మర్చిపోయావురా అంటే, “లేదు, ఇక్కడే ఆపేశాను” అన్నాడు. ఎనిమిదోది ఎక్కడ అయిపోతుందో మీరూ చూసే ఉంటారు: ఎవరో పనిపిల్లాడు, పేరు కూడా పెద్దగా ఎవరికీ తెలియదు, చీపురు పట్టుకుని ఆకాశం వైపు చూస్తుంటాడు. 2017లో నేను రాసి తీసేసిన వ్యాసంలో ఆ సీన్‌ని కూడా తిట్టాను. అన్నయ్యకి ఆ నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపించాను. ఆదివారం వచ్చి, ఎనిమిదోది వాడితో కలిసి మళ్లీ చూస్తానన్నాడు.