లావా ఫాల్స్ లాంటి ర్యాపిడ్‌ను (రాళ్ల మధ్య ఉరకలెత్తే ప్రవాహాన్ని) కయాక్‌లో సురక్షితంగా ఎలా దాటాలి?

గ్రాండ్ కాన్యన్‌లో, పడవ యాత్రలు మొదలయ్యే లీస్ ఫెర్రీకి సుమారు 179 మైళ్ల దిగువన కొలరాడో నదిపై ఉందిది. ముందు గట్టెక్కి చూడాల్సిందే. పైభాగాన మధ్యలో ‘లెడ్జ్ హోల్’ ఉంటుంది: నీళ్లు రాతి అంచు మీంచి పడి, ఎగువకే తిరగబడి, పడవను అక్కడే పట్టేస్తాయి. అది తప్పించుకోవడమే సగం పని. గట్టు మీంచి తేలిగ్గా కనిపించిన దారి కయాక్‌లో కూర్చోగానే మాయమవుతుంది. కంటి ఎత్తు నీటికి మూడడుగులేగా! కాబట్టి కింది నుంచీ కనబడే రాయినో, అలనో గుర్తు పెట్టుకోండి. ఎగువనున్న గ్లెన్ కాన్యన్ డ్యామ్ వదిలే నీరు రోజులోనే హెచ్చుతగ్గులవుతుంది. ఉదయం చూసిన దారి సాయంత్రానికి ఉండకపోవచ్చు.

స్ప్రే స్కర్ట్ (నడుముకు కట్టుకుని, పడవలోకి నీరు రాకుండా మూసే తొడుగు) లూప్, అంటే దాన్ని లాగి ఊడదీసే పట్టీ, బయటికుందా? దిగేముందే తడిమి చూడండి. బోల్తాపడితే ముందుకు వంగి రోల్ చేయాలి, అంటే పడవలోనే ఉండి తెడ్డు సాయంతో తిరిగి పైకి లేవాలి. పడవ వదిలేస్తే వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి తేలాలి, నిలబడొద్దు: పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం తల ముంచేస్తుంది. దిగువ ఎడ్డీలో (ప్రవాహం పక్కన నీరు వెనక్కి తిరిగే నెమ్మదైన చోట) 15–20 మీటర్ల త్రో బ్యాగ్‌తో, అంటే విసిరే తాడున్న సంచితో, ఒకరుండాలి. ఆ తాడును చేతికి చుట్టుకోవద్దు.